ఒంటరిగా బైక్ మీద బాల్టిక్ పల్లెలకు: ముందు ఆ 400 కిలోమీటర్లు సగం చేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వార్సాలో ఉద్యోగం, చేతిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండి, జూన్ 20 నుంచి పన్నెండు రోజుల సెలవు. లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా మూడూ తిరిగి టాలిన్ దాకా వెళ్లి రావాలి. హోటళ్లు వద్దు, టెంటులోనే పడక. తోడు ఎవరూ లేరు. రోజుకు 400 కిలోమీటర్లు వేసుకున్నారు. ఇది కుదురుతుందా, అడవిలో ఒక్కడినే పడుకుంటే ప్రమాదమా, ఇంకేం చూసుకోవాలి అని అడిగారు.

కుదురుతుంది. కానీ ఆ లెక్కన వెళ్తే ఇంటికొచ్చాక మీకు గుర్తుండేది లారీల వెనక చక్రాలే. వార్సా నుంచి కౌనస్, రీగా మీదుగా టాలిన్‌కు తొందరగా చేర్చే దారి ఈ67, వయా బాల్టికా. లాత్వియా, ఎస్టోనియాల్లో అది చాలా దూరం రెండు వరుసల రోడ్డే, నిండా సరుకు లారీలు. పక్కన పైన్ చెట్లు, ఎదురుగా లారీ, మళ్లీ పైన్ చెట్లు. ఈ దేశాల్లో కొండలు లేవు. మూడింటిలోకీ ఎత్తైన శిఖరం ఎస్టోనియాలోని సూర్ మునమాగి, దాని ఎత్తు 318 మీటర్లు. మన తిరుమల కొండ అందులో రెండింతలకు పైనే. కాబట్టి ఇక్కడ మలుపుల కోసం, ఘాట్ల కోసం వెతకొద్దు. ఇక్కడ ఉన్నది సన్నటి మొరం దారులు, చెరువులు, కొంగ గూళ్లు, ఎవరూ లేని సముద్రపు ఒడ్డు. వాటిని 90 స్పీడులో చూడలేం.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్తాను. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా హెల్సింకీలో ఉంటున్నాను. ఇక్కడ ఓడెక్కితే రెండు గంటల్లో టాలిన్. అందుకని నాలుగు వేసవులు టెంటు కట్టుకుని ఆ వైపు తిరిగాను, నాలుగుసార్లూ ఒక్కడినే. మొదటిసారి మీరు వేసిన లెక్కే నేనూ వేశాను.

ఆ మొదటిసారి జరిగింది చెప్తాను, ఎందుకంటే మీకు నేను చెప్పదలచుకున్న అసలు విషయం దాంట్లోనే ఉంది. పడమటి లాత్వియాలో కుల్దీగా నుంచి సబిలె వైపు వెళ్తున్నాను. జూన్ మూడో వారం. అప్పటికే 380 కిలోమీటర్లు అయ్యాయి. టైం రాత్రి తొమ్మిదింబావు. కానీ చూస్తే మనకు సాయంత్రం నాలుగున్నర ఎండలా ఉంది. ఆ ఎండ చూసి "ఇంకో గంట లాగేద్దాం" అనుకున్నాను. ముందు ఎప్పుడో రోడ్డు చదును చేసే గ్రేడర్ బండి వచ్చి వెళ్లినట్టుంది, రోడ్డు మధ్యలో వదులు కంకర గట్టులా పేరుకుని ఉంది. నేను ఎడమ జాడలోంచి కుడి జాడలోకి మారబోయాను. ముందు చక్రం గట్టు ఎక్కింది, వెనకది ఎక్కలేదు. అంతే. బండి ఒక పక్కకు, నేను ఒక పక్కకు. మణికట్టు బెణికింది, ఎడమ పెట్టె సొట్టపోయింది. లేచి నిలబడ్డాక అర్థమైంది, మధ్యాహ్నం మూడు తర్వాత నీళ్లు కూడా తాగలేదని. కళ్లకు వెలుతురు ఉంది, ఒంట్లో శక్తి లేదు.

దగ్గర్లోని ఇంటి నుంచి ఒక పెద్దాయన నడుచుకుంటూ వచ్చాడు. ఒక్క మాట లేదు. ఇద్దరం కలిసి బండి లేపాం. సామాన్ల వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, "లేనామ్" అన్నాడు. లాత్వియన్‌లో మెల్లగా అని అర్థం. ఆ రాత్రి ఆయన గడ్డివాము పక్కనే టెంటు వేసుకున్నాను.

అందుకని మీ ప్లాన్‌లో నేను పెట్టే మొదటి షరతు: అక్కడ సూర్యుణ్ణి నమ్మొద్దు, గడియారాన్ని నమ్మండి. జూన్ నెలాఖరులో విల్నియస్‌లో సూర్యాస్తమయం రాత్రి పది ప్రాంతంలో, టాలిన్‌లో పదిన్నర దాటాక. తెల్లారేది టాలిన్‌లో నాలుగింటికి, విల్నియస్‌లో నాలుగున్నర దాటాక. మన ఒంటికి అలవాటైన సాయంత్రం అక్కడ రాదు. చీకటి పడితే ఆగుదాం అనుకునేవాడు అక్కడ ఆగడు. సాయంత్రం ఆరింటికి ఇంజన్ ఆపాలి, ఎంత ఎండ కాస్తున్నా సరే. మొరం దారులు కలిపి రోజుకు 200 దాటొద్దు. ఇంకో కారణం కూడా ఉంది: దుప్పులు, అడవిపందులు, ఇక్కడ ఎల్క్ అనే భారీ దుప్పి, ఇవన్నీ రోడ్డు దాటేది సంధ్య వేళల్లోనే. ఎల్క్ కాళ్లు ఎంత పొడవంటే, గుద్దితే దాని ఒళ్లు సరిగ్గా మీ ఛాతీ ఎత్తులో ఉంటుంది.

రెండో షరతు మీకు నచ్చదు. ఈసారి ఎస్టోనియా వదిలేయండి. నాకు ఆ మూడింటిలో ఎక్కువ ఇష్టమైన దేశం అదే, అయినా చెప్తున్నాను. వార్సా నుంచి పన్నెండు రోజుల్లో దాన్నీ కలుపుకుంటే తిరుగు ప్రయాణమే మీ సెలవును తినేస్తుంది. నేనైతే ఇలా వేస్తాను.

మొదటి రోజు, ఇంటికొచ్చే చివరి రోజు, ఈ రెండే పొడవైన రోజులు. మొదటి రోజు వార్సా నుంచి సువాల్కి మీదుగా లిథువేనియా దక్షిణాన జూకియా నేషనల్ పార్క్ దాకా, 370 కిలోమీటర్లకు అటూ ఇటూ. అక్కడ మర్నాడు పొద్దున తొందరపడకండి. పైన్ అడవుల్లో పాత చెట్ల మానులు తొలిచి తేనెటీగలు పెంచే పద్ధతి ఆ ఊళ్లలో ఇంకా కనిపిస్తుంది. తర్వాత కౌనస్ దాటి నెమునాస్ నది ఒడ్డునే యుర్బర్కస్ వైపు వెళ్లే 141 నంబరు రోడ్డు పట్టుకోండి. లిథువేనియాలో బైక్ మీద వెళ్లడానికి నాకు నచ్చిన తారు రోడ్డు అదొక్కటే. ఎడమ పక్క నది, కుడి పక్క దిబ్బల మీద ఎర్ర ఇటుకల కోటలు, పనెమునె, రౌదొనె. అక్కడినుంచి క్లైపెడా, ఆపైన నిదా.

నిదా ఉన్నది కురోనియన్ స్పిట్ మీద. సముద్రానికీ, దాన్ని ఆనుకున్న కయ్యకూ మధ్య 98 కిలోమీటర్ల ఇసుక పట్టీ అది, కొన్నిచోట్ల అర కిలోమీటరు వెడల్పు కూడా ఉండదు. సగం లిథువేనియాది, మిగతా సగం రష్యాది. ఒకప్పుడు అడవులు నరికేస్తే ఇసుక లేచి ఊళ్లకు ఊళ్లనే కప్పేసింది. పందొమ్మిదో శతాబ్దంలో మళ్లీ చెట్లు నాటి ఆ ఇసుకను కట్టడి చేశారు. 2000లో యునెస్కో జాబితాలో చేరింది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: క్లైపెడాలో రెండు రేవులున్నాయి. ఊరి మధ్యలో ఉన్న పాత రేవు నడిచి వెళ్లేవాళ్లకు, సైకిళ్లకు. బండ్లు ఎక్కించేది దక్షిణంగా ఉన్న కొత్త రేవులో. దిగాక నెరింగా, అంటే ఆ పట్టీ మీది మున్సిపాలిటీ, ప్రవేశ రుసుము కట్టాలి, బైక్‌కు కూడా. టెంటు ఎక్కడంటే అక్కడ వేయనివ్వరు, నిదాలోని క్యాంపింగ్ ఒక్కటే దారి, డబ్బు కట్టి ఉండేది. మూడు రాత్రులు ఉండండి. పార్నిదిస్ దిబ్బ మీదికి తెల్లవారుజామున ఎక్కండి, పగలు జనం ఉంటారు.

మీ తేదీల ప్రకారం జూన్ 23, 24 సరిగ్గా అప్పుడే వస్తాయి. ఇది చాలా ముఖ్యం. ఆ రెండు రోజులూ మూడు దేశాల్లోనూ ఏడాదిలోని పెద్ద పండుగల్లో ఒకటి: లిథువేనియాలో యొనినెస్, లాత్వియాలో యాణీ, ఎస్టోనియాలో యానిపాయెవ్. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్లకు ఇది అలాగ. ఊరు ఊరంతా పల్లెకు పోతుంది. మగవాళ్ల తలమీద ఓక్ ఆకుల దండ, ఆడవాళ్ల తలమీద పూలదండ, రాత్రంతా నెగడు, లాత్వియాలో సోపుగింజల్లాంటి కారవే గింజలు వేసిన జున్ను, బీరు. తెల్లారేదాకా పడుకోకూడదని ఆచారం. భోగిమంట గుర్తొచ్చింది నాకు, చలి ఒక్కటి తక్కువ. చూసి తీరాల్సిన పండుగ, కానీ ఆ రెండు రోజులు బండి తీయొద్దు. షాపులు మూసేస్తారు, క్యాంపులు నిండిపోతాయి, రోడ్డు మీద తాగి నడిపేవాళ్లు ఉంటారు. 22న రెండు రోజులకు సరిపడా తిండి, పెట్రోలు నింపుకుని ఒకేచోట ఉండిపోండి. నిదా క్యాంపింగ్ ఇప్పుడే బుక్ చేయండి.

అక్కడినుంచి లియెపాయా మీదుగా కుల్దీగా. వెంటా నది అక్కడ 250 మీటర్ల వెడల్పున ఒక చిన్న మెట్టు దిగుతుంది. యూరప్‌లోకెల్లా వెడల్పైన జలపాతం అంటారు. ఎత్తు మాత్రం రెండు మీటర్లు, అంతే. గోదావరి చూసినవాళ్లకు నవ్వొస్తుంది. కానీ ఆ మెట్టు కింద నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చున్న ఒక గంటను నేను మర్చిపోలేదు. 1874లో కట్టిన ఇటుక వంతెన పక్కనే ఉంటుంది.

తర్వాత వెంట్స్‌పిల్స్ మీదుగా కొల్కా. రీగా సింధుశాఖ, అసలు బాల్టిక్ సముద్రం కలిసే మొన ఇదే. రెండు వైపుల అలలూ ఎదురెదురుగా వచ్చి కొట్టుకుంటాయి. ఆ మొన దగ్గర ఈతకు దిగకండి, ప్రవాహాలు లాగేస్తాయి. ఆ తీరమంతా లివ్ జాతివాళ్ల పల్లెలు. వాళ్ల భాషను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి 2013లో కెనడాలో కన్నుమూశారు. మజిర్బె అనే పల్లెలో అడవి మధ్యలో చేపల పడవలు కుళ్లిపోతూ కనిపిస్తాయి. సోవియట్ కాలంలో ఈ తీరం సరిహద్దు ప్రాంతం, సముద్రంలోకి వెళ్లడానికి ఆంక్షలు. జాలర్లు పడవలు లాక్కొచ్చి వదిలేసి వెళ్లిపోయారు. నాచు పట్టిన ఆ చెక్కల మధ్య పైన్ మొక్కలు మొలిచాయి. ఇక్కడ ఒక రోజు అసలు బండి తీయకండి.

కొల్కా నుంచి రీగాలోకి వెళ్లకుండా పక్కనుంచి తప్పించుకుని గావ్యా నేషనల్ పార్క్, సిగుల్దా, త్సేసిస్ వైపు ఒకటి రెండు రాత్రులు. రీగాలో చదువుకునే మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. సాంబారు మీద మనసు లాగితే ఆ ఒక్కరోజు ఊళ్లోకి దూరండి, నేనేం అనను. ఆపైన దక్షిణంగా దిగి లిథువేనియాలోని ఔక్ష్‌తైతియా చెరువుల మధ్య పలూషె దగ్గర రెండు రాత్రులు, చివరికి ఇల్లు. మొత్తం రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. మీ లెక్కలో సగం కూడా లేదు.

దారుల సంగతి. మొరం రోడ్డు అనగానే మనకు ఊరి బయట ఎర్రమట్టి దారి గుర్తొస్తుంది. ఇక్కడివి దానికంటే వెడల్పు, చదును, అందుకే మోసం చేస్తాయి. లాత్వియాలో మొరం మీద పరిమితి 80, లిథువేనియాలో 70, తారు మీద ఊరి బయట 90, ఊళ్లలో 50. మొరం మీద మీరు 60 దాటకండి. మూడు రకాల ప్రమాదం ఉంటుంది: నేను పడిన వదులు కంకర, ఇనుప రేకు మడతల్లా అడ్డంగా పడిన అలలు, జూకియాలో అయితే లోతైన ఇసుక. అలల మీద వెళ్లేటప్పుడు పాదాలు ఆనించే పెగ్‌ల మీద లేచి నిలబడి మోకాళ్లు వదులుగా ఉంచండి, లేకపోతే సాయంత్రానికి నడుము మీది కాదు. ఇసుకలో ముందు బ్రేకు జోలికి పోవద్దు, బరువు వెనక్కి వేసి సమంగా గ్యాసు ఇస్తూ దూరంగా చూడండి. చక్రం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. ముందు 25, వెనక 32 పీఎస్‌ఐ ఉండే గాలిని రోజంతా మొరమే ఉంటే నాలుగైదు పాయింట్లు తగ్గించి, తారు ఎక్కగానే మళ్లీ కొట్టుకోండి. చిన్న పంపు వెంట ఉండాలి. ఎదురుగా కారు వస్తే దుమ్ము, రాళ్లు రెండూ వస్తాయి. హెల్మెట్ అద్దం దించి పక్కకు తీయండి.

పగలైనా హెడ్‌లైట్ వెలుగుతుండాలి. లిథువేనియాలో బైక్ నడిపేవాళ్లకు మద్యం పరిమితి సున్నా. బీరు తాగాలనిపిస్తే టెంటు వేశాకే. నెరింగా రుసుము తప్ప ఈ దారిలో బైక్‌లకు రోడ్డు టోల్ లేదు. సరిహద్దు తనిఖీలు ఉండని షెంగెన్ దేశాలు కదా అని కాగితాలు ఇంట్లో వదిలేయకండి. 2025 జూలై నుంచి పోలండ్ లిథువేనియా సరిహద్దులో మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది. పాస్‌పోర్టు, మీ కార్తా పోబితు (పోలండ్ నివాస కార్డు) రెండూ పై జేబులో ఉండాలి.

ఇక పడక. ఒంటరిగా అడవిలో ప్రమాదమా అంటే, మనుషుల వల్ల నాకు ఏ రాత్రీ ఇబ్బంది రాలేదు. వాళ్లు పలకరించరు, అంతే. పక్క టెంటువాడు రెండు రోజులు మీ మొహం చూడకుండా ఉండి, మూడో రోజు పొగబెట్టిన చేప తెచ్చి చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. లాత్వియాలో ప్రభుత్వ అడవుల సంస్థ ఎల్‌వీఎమ్, ఎస్టోనియాలో ఆర్‌ఎమ్‌కే, ఊరికే వాడుకునే విడిది చోట్లు బోలెడు ఏర్పాటు చేశాయి. నెగడు గుంట, బల్ల, పొడి మరుగుదొడ్డి ఉంటాయి, చాలాచోట్ల కట్టెలు కూడా. మ్యాప్‌లు వాళ్ల యాప్‌లోనే దొరుకుతాయి. లిథువేనియా పార్కుల్లో గుర్తు పెట్టిన చోట్లలో మాత్రమే టెంటు వేయాలి. ఎస్టోనియాలో ఇళ్లకు కనపడకుండా, కంచె లేని చోట ఒక్క రాత్రి ఉండటానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ బోర్డు చదవడం నేర్చుకోండి. సొంత స్థలం అనడానికి ఎస్టోనియాలో "ఎరమా", లాత్వియాలో "ప్రివాతీపషుమ్స్", లిథువేనియాలో "ప్రివాతి వల్దా" అని రాస్తారు. అనుమానంగా ఉంటే దగ్గర ఇంటి తలుపు తట్టి అడగండి. ఇప్పటిదాకా నాకు కాదన్నవాళ్లు ఇద్దరే.

ఎండలు ముదిరితే అడవిలో నిప్పు నిషేధిస్తారు, అప్పుడు గుంట ఉన్నా నెగడు వేయకూడదు. గ్యాసు స్టవ్ వెంట ఉంచుకోండి. జూన్‌లో కూడా రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది, మంచు బిందువులు పట్టి టెంటు తడిసిపోతుంది. వార్సా ఎండ చూసి పల్చటి స్లీపింగ్ బ్యాగ్ కొనొద్దు. నాచు మీద, ఇసుక మీద సైడ్ స్టాండ్ దిగబడి రాత్రిపూట బండి పక్కకు ఒరిగిపోతుంది. టెంటు మీదికే ఒరగవచ్చు. అరచేయంత చెక్క పలకకు తాడు కట్టుకుని వెంట తీసుకెళ్లండి, అంతకు మించిన పరికరం నా దగ్గర లేదు.

నెగడు దగ్గర ఒక సంగతి. లిథువేనియన్ భాషలో పొగను "దూమై" అంటారు, నిప్పును "ఉగ్నిస్", కొడుకును "సూనుస్". ధూమం, అగ్ని, సూనుడు. మొదటిసారి పక్కనున్నాయన పొగ కళ్లలో పడి విసుక్కుంటూ ఆ మాట అంటే ఉలిక్కిపడ్డాను. థాంక్స్ చెప్పడానికి మాత్రం "ఆచూ" అనాలి, తుమ్మినట్టు. లాత్వియన్‌లో "పల్దియెస్". ఈ రెండు మాటలూ వచ్చుంటే పల్లెలో సగం పని అయినట్టే.

ఎలుగుబంట్లు, తోడేళ్ల గురించి మీరు భయపడుతున్నారు. ఎలుగులు ఉన్నమాట నిజం, ఎక్కువగా ఎస్టోనియాలో. నాకు కనిపించలేదు. తిండి టెంటులో పెట్టుకోకుంటే చాలు. మీరు నిజంగా భయపడాల్సింది పిడుదులకు. మన గొడ్ల చెవుల్లో పట్టుకుని ఉండే గోమార్ల చుట్టమే, ఇక్కడ గడ్డి కొసల మీద కాచుకుని కూర్చుంటుంది. దాని వల్ల రెండు రోగాలు. ఒకటి మెదడువాపు, వైరస్ వల్ల వచ్చేది, దానికి మందు లేదు గానీ టీకా ఉంది. రెండోది లైమ్, దానికి టీకా లేదు గానీ యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. టీకా మొత్తం మూడు డోసులు. మొదటి రెండూ ఒకటి నుంచి మూడు నెలల ఎడంతో వేస్తారు, తొందరైతే రెండు వారాల ఎడంతో కూడా వేస్తారు. ఆ రెండూ పడితే ఈ సీజనుకు రక్షణ ఉంటుంది. పోలండ్‌లోనూ ఈ బెడద ఉంది కాబట్టి వార్సాలో టీకా సులువుగా దొరుకుతుంది, డాక్టరును ఈ వారమే కలవండి. రోజూ రాత్రి చంకలు, మోకాళ్ల వెనక, నడుము పట్టీ కింద తడిమి చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా పైకి లాగాలి. ఊళ్లో చేసినట్టు కిరసనాయిలు పూయడం, చుట్టతో కాల్చడం వద్దు. తర్వాత వారాల్లో అక్కడ ఎర్రటి వలయం కనిపించినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పల్లెల్లో ఆప్యాయంగా పచ్చి మేకపాలు ఇస్తే కాచకుండా తాగొద్దు, ఆ మెదడువాపు వైరస్ వాటిలోంచి కూడా వస్తుంది. దోమలు, జోరీగలు కూడా ఉంటాయి, వాటికి ఒళ్లు అలవాటు పడుతుంది.

తిండికి మన కడుపు ఇబ్బంది పడదు. ఇక్కడి కేఫిర్ పుల్ల మజ్జిగకు దగ్గరి చుట్టం. చిన్న గిన్నెలో అన్నం వండి కేఫిర్ కలిపి, ఆవకాయ బద్ద పెట్టుకుంటే పెరుగన్నం కొరత తీరిపోతుంది. నల్ల రొట్టె నాలుగు రోజులైనా పాడవదు. లిథువేనియాలో బీట్‌రూట్, కేఫిర్ కలిపి చల్లగా ఇచ్చే గులాబీ రంగు సూప్ ఉంటుంది, చూడటానికి హోలీ నీళ్లలా ఉంటుంది గానీ ఎండలో అమృతం. తీరం పొడవునా ఇళ్ల ముందు పొగబెట్టిన చేపలు అమ్ముతారు, అందుకు చిల్లర ఉంచుకోండి, మిగతా అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. పల్లెల్లో పెట్రోల్ బంకులు చాలావరకు మనిషి లేనివి, కార్డు పెట్టి పిన్ కొట్టాలి. ముందుగా పెద్ద మొత్తం ఆపి ఉంచి తర్వాత సరిచేస్తాయి, టెన్షన్ పడకండి. ట్యాంకు సగం కాగానే నింపుకోవడం అలవాటు చేసుకోండి.

సరిహద్దులు: రష్యా, బెలారస్ వైపు వెళ్లే చిన్న దారుల జోలికి పోవద్దు. నిదా దగ్గర ఫోను రష్యా నెట్‌వర్క్ పట్టుకుంటుంది, అక్కడ యూరప్ రోమింగ్ వర్తించదు, బిల్లు చూసి ఏడవాల్సి వస్తుంది. నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకునేలా పెట్టుకోండి. పాత బ్లాగుల్లో ఎస్టోనియా ఆగ్నేయాన "సాత్సె బూటు" అని రష్యా భూమిలోంచి ఒక కిలోమీటరు వెళ్లే రోడ్డు గురించి సరదాగా రాసి ఉంటారు. 2025 అక్టోబరులో ఎస్టోనియా దాన్ని మూసేసింది. వచ్చే ఏడాది వెళ్లినప్పుడు ఆ రాతలు నమ్మకండి.

వచ్చే ఏడాదికి ఎస్టోనియా అంటే నా మాట: విర్త్సు నుంచి అరగంట లోపు ఫెర్రీలో ముహు దీవికి, అక్కడినుంచి రోడ్డు మీదే సారెమా దీవికి వెళ్లండి. ఉల్క పడి ఏర్పడ్డ 110 మీటర్ల వెడల్పు గుంట ఉంది అక్కడ, దాని పేరు కాలి. తర్వాత పెయిప్సి సరస్సు పడమటి ఒడ్డున పాత ఆచారాల రష్యన్ క్రైస్తవుల పల్లెలు, వీధి పొడవునా ఉల్లిపాయల జడలు. ఆ పల్లెల గురించి రాయడం మొదలుపెడితే నాకు ఈ రాత్రి చాలదు.

చివరిగా బండి. 411కు ట్యూబ్ టైర్లు. ఒంటరిగా వెళ్లేవాడికి ఇదే అసలు పరీక్ష, ఎలుగుబంటి కాదు. పంక్చర్ ప్యాచ్‌లు, టైరు లివర్లు రెండు, పంపు, ముందు చక్రం 21 అంగుళాల ట్యూబు ఒకటి తీసుకోండి. అవసరపడితే ఆ సన్నటి ట్యూబునే వెనక 17 అంగుళాల చక్రంలో సర్ది ఊరి దాకా మెల్లగా వెళ్లొచ్చు, అందుకే రెండు మోయక్కర్లేదు. సామాను 25 కిలోలు దాటనివ్వకండి, బరువైనవి కింద, టెంటు సీటు మీద అడ్డంగా. పడిపోయిన బండిని లేపేముందు సామానంతా దించండి. గేరులో ఉంచి, సీటుకు వీపు ఆనించి కూర్చుని, కాళ్ల బలంతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. వంగి చేతులతో లాగితే బండి లేవదు, నడుము మాత్రం పట్టేస్తుంది. దెబ్బ తగిలితే నంబరు అన్ని దేశాల్లోనూ 112. రోజూ సాయంత్రం ఎక్కడ ఆగారో ఇంట్లో ఒకరికి లొకేషన్ పంపండి, అమ్మకు కాదు, కంగారుపడని మనిషికి.

బయల్దేరేలోపు ఒక ఆదివారం మీ పార్కింగ్‌లోనే వెనక చక్రం ఊడదీసి, ట్యూబు తీసి మళ్లీ వేయండి. ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాయండి. గంటన్నర దాటితే తర్వాతి ఆదివారం మళ్లీ చేయాలి.